ఉయ్యాలలో ద్రావకం జాడీ

తిరుమంగళం దాటాక గులకరాళ్ళ బాట అయిపోయింది, ఇక మా ఊరు పట్టి దాకా నల్లరేగడి బాటే. వానల్లో బండ్లు తొక్కిన గాడులు ఎండి బిగిసిపోయాయి, చక్రం ఒక గాడిలోంచి ఇంకో గాడిలోకి దిగినప్పుడల్లా నా నడుము విరుగుతోంది, విరిగితే విరగనీ, నడుముకు ఆముదం రాసుకోవచ్చు, ఈ జాడీ పగిలితే రాసుకోవడానికి ఏ ఆముదమూ లేదు. గూడుబండి పైకప్పు వెదురుకు నా పాత చీరతో ఉయ్యాల కట్టాను. ఉయ్యాలలో తాటాకు బుట్ట, బుట్ట నిండా చాకలివాళ్ళు బట్టలకు వాడే చౌడుమన్ను, మన్నులో మెడదాకా పూడ్చిన పింగాణీ జాడీ, జాడీలో గంధక ద్రావకం, చుక్క పడితే తోలు ఊడేది. బండి ఎంత ఎగిరినా ఉయ్యాల ఊగుతుందే తప్ప ఎగరదు. మధురలో తెక్కుమాసి వీధి మందుల అంగడి ఆరోగ్యసామి, గడ్డిలో చుట్టి ఒళ్ళో పెట్టుకోమన్నాడు. ఒళ్ళో పెట్టుకోవడానికి ఇదేమన్నా పిల్లిపిల్లా? ఆయనకు ద్రావకం అమ్మడం తెలుసు గాని మోయడం తెలియదు. నాకు తెలుసు. ఈ తాలూకాలో ఈ సంగతులు నాకు తెలిసినంతగా తెలిసిన ఆడది లేదు, ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు, మగవాళ్ళలో ఒక్కడున్నాడు, ఆయన నా మొగుడే, ఇప్పుడు నాకు అడ్డం నిలబడింది కూడా ఆయనే.

రేపు శుక్రవారం. రేపు పొద్దున కంచుపనివాడు వచ్చి మా ఇంటి పెట్టెలో ఉన్న రాగితీగంతా, ఇనుమంతా మోసుకుపోయి కొలిమిలో వేస్తాడు, అలా ఇచ్చేయాలని మా ఆయన తీర్మానించేశాడు. నాలుగు వందల మూరల తీగ. మూరమూరకూ నేను నా వేళ్ళతో నూలు చుట్టిన తీగ. కొలిమిలో పడితే ముందు నా నూలే కాలుతుంది, ఆ తర్వాత గదా రాగి కరిగేది. అది తలుచుకుంటే నాకు అన్నం దిగలేదు. మేలూరులో అక్క కూతురికి నొప్పులు వస్తున్నాయని చెప్పి నిన్న బయలుదేరాను. అక్క కూతురు నిక్షేపంగా ఉంది, నేను మధుర దాటి అడుగు పెట్టలేదు. అబద్ధమే, కాదనను, చీకటి పడకముందే ఈ జాడీని చుక్క తొణక్కుండా ఆయన ముందు దించగలిగితే ఆ అబద్ధానికి ఏ శిక్ష వేసినా పడతాను. దించలేకపోతే ఏముంది, కాళ్ళీడ్చుకుంటూ ఇంట్లోకి పోవడమే.

‘‘ఏమా, ఇట్ల పోతే తెల్లారిపోతాదిమా,’’ అంటాడు మాయాండి ముందు నుంచి. బండి అతనిదే, ఎద్దులూ అతనివే, అందుకే బాధ. ‘‘ఎద్దులకే వెక్కమా ఉండాది, సిగ్గుతో తల దించుకుండాయి. పొద్దున మనకంటే వెనకాల బయలుదేరిన పెరుమాళ్ళ బండి అప్పుడే దాటిపోయింది, సూస్తివి గదా.’’

‘‘పోనీ. నువ్వు మెల్లగానే తోలు.’’

దాటిపోయిన బండిలో ఉప్పు మూటలు ఉన్నాయి. ఉప్పు మూటలకేం తొందర, ఏం భయం. బాట పక్కన తంతి స్తంభాలు మాతో పాటే నడుస్తున్నాయి, గాలికి తీగ ఊఁ అంటోంది. కుంపిణీ పోయి రాణి రాజ్యం వచ్చిన కొత్తలో ఈ స్తంభాలు పాతడానికి మా పొలాల్లోంచి కూలికి మనుషుల్ని పిలిచారట, గుంతలు తవ్వడానికి పోయిన వాళ్ళలో మా ఆయన ఒకడు, అందరూ తిరిగొచ్చారు, ఈయన మాత్రం ఆ తీగ వెంబడి మధుర దాకా పోయి తంతి ఆఫీసులో సీసాలు కడిగే పనిలో చేరాడు. ఆయన పేరు నేను పలకకూడదు. ఆఫీసు దొర ‘కేశవన్’ అని సగం పేరే పిలిచేవాడట, ముందున్న చెన్న తీసేసి, సగం పేరు పలికితే దోషం కూడా సగమే ఉంటుందనుకుంటాను. ఆరేళ్ళు సీసాలు కడిగాడు. తుత్తునాగం రేకులకు పట్టిన నలుపు గీకడం, నీలంగా ఉండే మైలుతుత్తం కరిగించి పోయడం, ద్రావకం పలచన చేయడం, సీసాకూ సీసాకూ తీగ కలపడం. టకటకమని కొట్టే మీట మీద ఒక్కనాడూ చెయ్యి వేయనివ్వలేదు. కానీ ఆ మీటకు సత్తువ ఎక్కడి నుంచి వస్తుందో, మీట కొట్టేవాళ్ళకు తెలియనిది, సీసాలు కడిగేవాడికి తెలిసింది. దొర బల్ల మీద చిన్న చక్రం ఒకటి ఉండేదట. రెండు సీసాలకు తగిలిస్తే మనిషి తిప్పకుండా, గాలి లేకుండా, నీళ్ళు లేకుండా గిర్రున తిరిగేదట. అయ్యా, నేనూ ఇట్లాంటిది చేస్తాను అని ఈయన అన్న రోజున గుమాస్తాలు తలపాగాలు జారేట్టు నవ్వారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయనకు కోపం రాదు, నాకు వస్తుంది. నవ్విన వాళ్ళను ఆయన మరిచిపోయాడు, నేను వాళ్ళ ముఖాలైనా చూడలేదు, అయినా మరిచిపోలేదు.

మామ పోయాక సేద్యం చూసుకోవడానికి పట్టికి తిరిగొచ్చాడు, వచ్చినవాడు ఊరుకున్నాడా, మడక దున్నుతూ కూడా అదే ధ్యాస. ఒక్కొక్క సామానూ ఎట్లా చేర్చామో తలుచుకుంటే ఈ బాట కుదుపు కూడా తెలియడం లేదు. మా విరిగిన బండి చక్రం పట్టా, మెత్తని ఇనుము, దాన్ని కమ్మరితో గుర్రపు లాడంలా వంచించి, పిడకల కుప్పలో పెట్టి కాల్చి, కుప్పతో పాటే చల్లారనిచ్చాం, తొందరపడి నీళ్ళలో ముంచితే ఇనుము మొండికేస్తుందట. కంసాలి దగ్గర కమ్మచ్చు అడిగి తెచ్చాడు, తీగ సాగదీసే చిల్లుల ఇనప పలక, వాళ్ళకది దేవుడితో సమానం, ఇయ్యనంటే ఇయ్యనన్నాడు, నేను పోయి వాళ్ళావిడ దగ్గర కూర్చుని పొద్దంతా మినుములు చెరిగితే ఇచ్చాడు. ఆకురాయి, పట్టకారు, చిల్లులు పెట్టే బర్మా, వడ్రంగి పారేసిన బాడిస, దానికి కొత్త పిడి. కుమ్మరి చేత కాల్చీ కాల్చనట్టుగా చిన్న ముంతలు చేయించాం, నీళ్ళు పోస్తే బయటికి చెమర్చే ముంతలు, ద్రావకం పోసి సీసాల్లో నిలబెట్టడానికి, చెమర్చని ముంత మాకొద్దు అంటే కుమ్మరి నన్ను ఎగాదిగా చూశాడు, ఇన్నాళ్ళూ అందరూ చెమర్చే ముంతల్ని తిరిగిచ్చి తిట్టినవాళ్ళే గదా. దొరల బంగళా వెనక పారేసిన సారా సీసాలు ఏరుకొచ్చి మెడలు నేనే కోశాను. ఆముదంలో తడిపిన నూలుపోగు సీసా చుట్టూ కట్టి, వెలిగించి, ఒక్కసారిగా నీళ్ళలో ముంచితే టిక్కుమని గుండ్రంగా తెగుతుంది. పదకొండు కోస్తే మూడు పగిలాయి. ఆయన కోసినవి ఆరు, ఆరూ పగిలాయి. ఈ లెక్క నేను రోజూ ఏదో వంకన చెబుతూనే ఉంటాను.

తీగ మాత్రం నాది. చుట్లు చుట్టేటప్పుడు తీగకు తీగ తగలకూడదట, తగిలితే సత్తువ అడ్డదారిన పారిపోయి ఇనుములో చేరదట, ఇనుములో చేరితేనే అది సూదంటురాయిలా పక్కనున్న ఇనుమును లాగేది, ఆపితే వదిలేది, లాగడం వదలడం వల్లే చక్రం తిరిగేది. తగలకుండా ఉండాలంటే తీగకు పట్టుదారం చుట్టాలి, చుట్టిన తీగ చెన్నపట్నంలో దొరుకుతుంది, మనకెక్కడిది అని తల పట్టుకు కూర్చున్నాడు. పట్టు ఎందుకు, మన చేను పత్తికేం వచ్చింది అన్నాను. రాట్నం కదురుకు తీగ తగిలించి, తిప్పుతూ, వేలి సందులోంచి నూలు వదిలితే పోగు పక్కన పోగు పడి తీగకు అంగరకా తొడిగినట్టు కూర్చుంది. ఆయన ఆ మూర తీగను వెలుతురుకు పెట్టి, కంటి దగ్గర పెట్టి, ఎంతసేపు చూశాడో. ఏమీ అనలేదు. మా ఆయనకు మెచ్చుకోవడం రాదు, నోరు తెరవకుండా చూస్తూ ఉండిపోయాడంటే అదే మెచ్చుకోలు, పెళ్ళైన పదేళ్ళకు అది పట్టుకున్నాను. నూలు వడికింది మా అత్త కుప్పమ్మాళ్. ‘‘తీగకు కోక కట్టే కోడలు యావూర్లో ఉండాది?’’ అని సణుగుతూనే, తాను వడికిన దాంట్లో సన్నటి నూలంతా ఏరి నాకే ఇచ్చింది. ఒక వానాకాలమంతా చుట్టాను. తేనెమైనం, గుగ్గిలం కలిపి కాచి పైన పూత వేశాను. నా చేతిమీద నాకు గర్వం అంటే ఏమిటో అప్పుడే తెలిసింది.

‘‘బండి నిలపప్పా, నిలపప్పా,’’ అని ఎవరో బాట మధ్యకు వచ్చి చెయ్యి ఊపింది. ముసలమ్మ, నెత్తిన జొన్నకంకుల గంప. మాయాండి ఆపాడు, ఆపడానికే కాచుకుని ఉన్నాడు మహానుభావుడు. ముసలమ్మ గంప లోపలికి తోసి, తానూ ఎక్కి, నా ఎదురుగా చతికిలబడి, ఊపిరి తీసుకుని, ఉయ్యాల చూసింది. చూడగానే ముఖం విప్పారింది.

‘‘తొట్టిల్లో బిడ్డ తూంగుతుండాడా, నిద్రా?’’

‘‘ఆఁ, అవ్వా. ముట్టొద్దు.’’

‘‘నేను ముడితే ఏమి? పదునాలుగు మందిని పెంచిన చెయ్యి ఇది.’’ అంటూనే చీర మడత విప్పబోయింది.

‘‘అవ్వా, వాడు కొరుకుతాడు!’’

అరిచేశాను. ముసలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. నా ముఖం వైపు, ఎడమ కంటి కింద ఉన్న మచ్చ వైపు, కొంగు జారిన ముంజేతి మీద ముడతలు పడిన చర్మం వైపు చూసింది. మాయాండి నవ్వు ఆపుకోలేక ఎద్దుల మీదకు వంగిపోయాడు. ‘‘బిడ్డ కొరికిందా ఇది?’’ అంది ముసలమ్మ మెల్లగా. అవునన్నాను. ఆ తర్వాత ఆమె గంప దగ్గరికి జరుగుతూ జరుగుతూ బండి చివరికి పోయింది, తన చేను రాగానే బండి పూర్తిగా ఆగకముందే దిగింది, దిగి నాలుగు కంకులు తీసి లోపల పెట్టి, ‘‘జక్కమ్మ కాపాడతాది తల్లీ,’’ అని వెళ్ళిపోయింది. నాకు నవ్వు వచ్చింది, ఆమె అన్న పేరు చెవిన పడేసరికి ఆ నవ్వు సగంలో ఆగింది.

జక్కమ్మ మా కులదేవత. ఆమె దీపం మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసినవాడు ఆ ఒట్టు తప్పితే, మావాళ్ళు కూడి తగవులు తీర్చే కంబళి మీద మళ్ళీ కూర్చోలేడు. ఎంత ఆస్తి ఉన్నా సరే, కంబళి అంచుకు బయట నిలబడాల్సిందే, అతని మాట మాట కాదు. మా మామ కూర్చున్న చోటే మా ఆయన ఇప్పుడు కూర్చుంటున్నాడు. పోయిన చిత్తిరై నెలలో, నా చెయ్యి కాలిన రోజున, ఆ దీపం మీద చెయ్యి పెట్టి, ఈ ద్రావకాన్ని, ఈ సామానును ఇక నా చేత్తో తాకను అనేశాడు. నేను పసుపూ వెన్నా పూసుకుని పడి ఉన్నాను, లేచి ఆ చెయ్యి పట్టుకుని లాగే ఓపిక లేకపోయింది. ఉంటే లాగేదాన్ని.

తప్పు నాదే అనుకున్నారు అందరూ. ఇంత నూనెలా చిక్కగా ఉన్న ద్రావకం తెచ్చి పెట్టి, పలచన చేయాలి అన్నాడు, అని దొడ్లోకి పోయాడు. పలచన చేయడం నాకు తెలియదా? పెరుగు చిక్కగా ఉంటే నీళ్ళు పోస్తాం, పోసి చిలికితే మజ్జిగ. పుట్టినప్పటి నుంచి చేస్తున్న పని. ఆయన వచ్చేలోపు చేసి పెడదామని చెంబెడు నీళ్ళు తెచ్చి దాంట్లో పోశాను. అది బుస్సుమంది. ఉడికి, ఎగిరి, చెయ్యి మీద, చెంప మీద పడింది. కన్ను ఒక్క గింజ ఎడంలో దక్కింది. నా అరుపు విని దొడ్లోంచి పరుగెత్తుకు వచ్చి, పక్కనున్న కుడితి తొట్టి ఎత్తి నా మీద కుమ్మరించాడు, పశువులకు పెట్టిన తవుడు నీళ్ళు, అవే నా చెయ్యిని కాపాడాయి, నాలుగు రోజులు నా జుట్టు తవుడు వాసన వదలలేదు. అప్పుడు చెప్పాడు, నా తల ఒళ్ళో పెట్టుకుని, ఏడుస్తూ. ‘‘నీళ్ళలో దాన్ని పోయాల. దాంట్లో నీళ్ళు పోయకూడదు. ఆఫీసులో మొదటి రోజే నాకు చెప్పినారు. నేను నీకు చెప్పలేదు.’’

ఒక్క మాట. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఆరేళ్ళు సీసాలు కడిగి నేర్చుకున్న వంద మాటలు చెప్పాడు, ఆ ఒక్కటి చెప్పలేదు, నాకు అక్కర్లేదనుకున్నాడు, నేను చుట్టేదాన్నే గాని పోసేదాన్ని కాదనుకున్నాడు. నాకు చెయ్యి మంట కంటే ఆ మంట ఎక్కువ రోజులు ఉంది. అయినా చెప్పే తీరులో చెబితే మా ఇళ్ళల్లో అర్థం కానిది ఏముంది? సంకటి చేయాలంటే ముందు ఎసరు పెడతామా, పిండి పెడతామా? ఎసరు పెట్టి, కాగాక, పిండి కొంచెం కొంచెంగా పోస్తాం, పిండి కుప్ప మీద ఎసరు కుమ్మరించే ఆడది ఎక్కడైనా ఉంటుందా? ఇదీ అంతే. ముందు నీళ్ళు, దాంట్లో సన్న ధారగా ద్రావకం, కట్టెతో కలుపుతూ. మంచంలో పడి ఉన్న రెండు నెలలూ దీన్ని మనసులో వండుతూనే ఉన్నాను. పెరుగు అనుకోవడం నా తప్పు, సంకటి అని చెప్పకపోవడం ఆయన తప్పు. తప్పు చెరిసగం పంచుకుని పనిలోకి దిగాల్సింది పోయి, ఒట్టు పెట్టుకుని కూర్చున్నాడు.

బాట వంపు తిరిగింది, ఎండ ఇప్పుడు నేరుగా ముఖం మీదకు వస్తోంది. కాళ్ళ దగ్గరి మూటను తడిమి చూసుకున్నాను, ఉంది, ఎక్కడికి పోతుంది. మూటలో నా కవచం. ఆ మాట అంటే మాయాండి నవ్వుతాడు గాని నేను ఇంకేమనాలి? మా బావి మోట చినిగిపోతే ఆ తోలు దాచాను, ఏళ్ళ తరబడి నీళ్ళు తాగి, ఆముదం తాగి, ఏదీ లోపలికి దిగని తోలు. తోలుపని చేసే సుడలై దానితో మెడ నుంచి మోకాలి దాకా ముందరి కప్పు కుట్టాడు, రెండు చేతులకు మోచేతి దాకా తొడుగులు కుట్టాడు. ‘‘కొలత నాయకర్‌దా, మీదా అమ్మా?’’ అని అడిగాడు, మా ఆయన్ని ఊళ్ళో అట్లాగే పిలుస్తారు. నాదే అన్నాను. వాడు సూది ఆపి నా చెయ్యి వైపు చూసి, ఇంకేమీ అడగకుండా, ‘‘కుట్లు లోపక్కకు పెడతాను, బయట ఉంటే సందుల్లో చుక్క నిలుస్తాది,’’ అన్నాడు. అది నాకు తట్టలేదు, వాడికి తట్టింది. కళ్ళకు పగిలిన లాంతరు అద్దం రెండు ముక్కలు, అంచులు రాతి మీద నూరి, తోలు పట్టీలో బిగించి కట్టాడు. పెట్టుకుంటే అత్త భయపడి దండం పెట్టింది. కాళ్ళ కింద వేసుకోవడానికి పొడి చెక్కపలక, చేతి దగ్గర నీళ్ళ తొట్టి, చుక్క పడితే చల్లడానికి చాకలి ఇంటి చౌడుమన్ను. ఇవన్నీ ఒక్కొక్కటీ ఆయన కంటపడకుండా చేర్చాను, జొన్నల గాదె వెనక దాచాను. ఆయన ఒట్టు ఆయన చేతికి, నా చేతికి కాదు. పోసేది నేను. ఇంత వరకూ సులువే. కానీ ఆయన పోయనిస్తాడా? చెయ్యి కాలినప్పటి నుంచి నన్ను వేడి దోసె పెనం ముట్టుకోనివ్వడానికే బిక్కుబిక్కుమంటాడు. సున్నం డబ్బా దగ్గరికి పోతే నా వెనకే వస్తాడు. ఆ భయం ప్రేమ కాదని అనను, ప్రేమే, కానీ ఆ ప్రేమ నన్ను మూలన కూర్చోబెడుతోంది. కాదంటే? జాడీని తీసుకుపోయి ఎక్కడో పూడ్చేస్తే? పూడ్చలేడు, తాకకూడదు గదా, మాయాండితో పూడ్పిస్తాడు.

అప్పుడే దిగింది కుడి చక్రం. మూర లోతు గాడి. బండి ఒక పక్కకు ఒరిగింది, మాయాండి ఎద్దుల ముక్కుతాళ్ళు పట్టుకుని వేలాడాడు, నేను గూడు వెదురు పట్టుకున్నాను, ఉయ్యాల ఒక్కసారిగా పోయి గూడు పక్కకు కొట్టుకుంది. దబ్బుమని శబ్దం. తిరిగి వచ్చింది. ఊగింది. మైనం పగిలి బిరడా అంచు నుంచి జాడీ మెడ మీదుగా ఒక చుక్క జారడం చూశాను, చుక్క వెనక చుక్క. నాకు భయం లేదని ఇంతసేపూ అనుకున్నదంతా పచ్చి అబద్ధం, చెంప మీది మచ్చ అప్పుడే కాలినట్టు మండింది, దూకేయాలని కాళ్ళు లేచాయి. చుక్క మన్నులో పడింది. చుయ్యిమంది, తెల్లగా నురుగు కట్టింది, అంతే, మన్ను తాగేసింది. నేను మూట విప్పాను. చేతులకు తొడుగులు తొడిగాను, కళ్ళకు అద్దాలు కట్టాను, బిరడాను అరచేత్తో అదిమి, మూటలోని మైనం ముద్ద మెత్తగా పిసికి చుట్టూ అద్దాను. తొడుగు మీద ఒక చుక్క పడింది. చూస్తూ ఉన్నాను. తోలు మీద నల్లగా గుండ్రంగా నిలిచింది, లోపలికి రాలేదు. చౌడు చిటికెడు వేసి తుడిచేశాను. సుడలై, నీ కడుపు చల్లగుండ.

‘‘ఏమాయెమా? దిగతావా? దిగితే దిగు, నేను దూరంగా నిలబడతాను,’’ అంటున్నాడు మాయాండి కింద నుంచి. తొంగి చూసి, అద్దాల్లోంచి నా ముఖం చూసి, నాలుగు అడుగులు వెనక్కి పోయాడు.

‘‘ఏమీ కాలేదు. చక్రం కింద రాయి పెట్టి ఎత్తు.’’

ఏమీ కాలేదు. నేను కానివ్వలేదు. ఆ సంగతి అర్థమయ్యేసరికి గుండెల్లో ఏదో పెద్దగా నిండింది, ఎవరైనా చూస్తే బాగుండును అనిపించింది, ఎద్దులు తప్ప ఎవరూ లేరు. ఆరోగ్యసామి ఒళ్ళో పెట్టుకోమన్నాడు, పెట్టుకుని ఉంటే? ఆ గుమాస్తాలు, తలపాగాలు జారేట్టు నవ్వినవాళ్ళు, వాళ్ళలో ఎవడైనా ఈ గాడిలో ఈ జాడీని నిలబెట్టేవాడా? రాయి పెట్టి, భుజం పెట్టి, మాయాండి బండిని ఎక్కించాడు. నేను తొడుగులు విప్పలేదు. ఒక చెయ్యి ఉయ్యాల మీద వేసి, ఆయనతో ఏం మాట్లాడాలో కూర్చుకున్నాను. ముందు కోపంగా మొదలుపెట్టాలా, ఏడుపుతోనా? ఏడిస్తే కరిగిపోతాడు, కానీ కరిగినవాడు నన్ను ఇంకా జాగ్రత్తగా మూలన పెడతాడు. కోపంగానే. నువ్వు చెప్పనిది నేను నేర్చుకున్నాను అంటాను. సంకటి అంటాను. ఇది నా చెయ్యి, కాలింది నాది, బాగైంది నాది, దీని మీద నీకు ఒట్టు లేదు అంటాను. అనగలనా? పట్టి పొగలు కనిపిస్తున్నాయి, కుక్కలు బండిని గుర్తుపట్టాయి, మొదటి మాట మాత్రం ఇంకా తేలలేదు.

ఇంటి ముందు అత్త ఒక్కతే ఉంది. నా కళ్ళద్దాలు చూసి, ఉయ్యాల చూసి, మేలూరు గురించి ఒక్క ముక్క అడగలేదు. ‘‘దొడ్లో ఉండాడు,’’ అంది. దొడ్లోంచి బాడిస దెబ్బలు వినిపిస్తున్నాయి. పెట్టె బద్దలు కొడుతున్నాడేమో, కంచుపనివాడికి వీలుగా, అనుకున్నాను, కాళ్ళు పరుగెత్తాయి. పెట్టె బద్దలు కొట్టలేదు. పశువుల కొట్టానికి దూరంగా, గాలి తగిలే చోట, వేపచెక్కతో బల్ల ఒకటి నిలబెడుతున్నాడు. పెట్టె పక్కనే ఉంది, మూత వేసి, తాను తాకకుండా పనివాళ్ళతో మోయించాడని తర్వాత తెలిసింది. తలెత్తి నన్ను చూశాడు. అద్దాలు, తొడుగులు, అన్నీ చూశాడు. నోరు తెరవకుండా చూస్తూ ఉండిపోయాడు.

సంకటి అని మొదలుపెట్టబోయాను.

మాయాండి నా వెనకే వచ్చాడు. బల్ల చుట్టూ తిరిగి, తన నడుము కింద చెయ్యి పెట్టి ఎత్తు చూసి, పెద్దగా నవ్వాడు. ‘‘ఏమి నాయకరే, ఇంత పొట్టిగా చేసినావు? నీ అంత మనిషి దీని ముందర నిలబడి పని సేస్తే నడుము విరిగిపోతాదే.’’

‘‘నేనెందుకు నిలబడతాను?’’ అన్నాడు మా ఆయన. బాడిస కింద పెట్టి, నా వైపు చూడకుండా, చెక్క మీది పొట్టు చేత్తో దులుపుతూ. ‘‘నేను తాకకూడదు గదా. తోలు కుట్టే రోజే సుడలైని అడిగి కొలత తీసుకుంటిని. నిన్న ఈమె బండెక్కగానే కంచుపనివాణ్ణి రావొద్దంటిని. పోసేది ఈమె. నేను దూరంగా కూర్చుని చెబుతాను, ఈసారి అన్నీ చెబుతాను.’’

నేను బల్ల దగ్గరికి పోయాను. మోచేతులు ఆనించాను. సరిగ్గా నా మోచేతికి, వేలెడు పైకి లేదు, కిందికి లేదు. అద్దాల లోపల కళ్ళు నిండిపోయి ఏమీ కనబడలేదు, తుడుచుకోవడానికి తోలు తొడుగులు అడ్డం. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి నాకిచ్చిన దాంట్లో దీనికి సాటి వచ్చేది లేదు, ఇస్తున్నానని కూడా చెప్పకుండా ఇచ్చాడు. ఏదైనా మంచి మాట అనాలి, ఇప్పుడే అనాలి. బల్లను రెండు చేతులతో పట్టుకుని కదిపాను.

‘‘ఒక కాలు ఆడుతుండాది,’’ అన్నాను. ‘‘అది సరిచేసేదాకా నేను జాడీ దించను.’’

ఆయన వెంటనే బాడిస తీసుకుని బల్ల కిందికి దూరాడు.